మామిడి సీజన్లలో చేసిన ల్యాబ్ పనిని రెజ్యూమేలో ఎలా చూపాలి?

ప్రశ్న – బంగారుపాళెం నుంచి

అందరికీ నమస్కారం. నేను 2021లో రసాయన శాస్త్రం ఒక సబ్జెక్టుగా బీఎస్సీ పూర్తి చేశాను. 2022 నుంచి 2025 వరకు ప్రతి ఏడూ చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ల్యాబ్‌లో పనిచేశాను. అయితే తోతాపురి కాయ దిగే జూన్, జూలై, ఆగస్టు నెలల్లో మాత్రమే ఆ పని ఉండేది. కాయ రావడం ఆగిన వారానికే మమ్మల్ని పంపించేసేవారు. మిగతా నెలల్లో ఇంటి దగ్గర పిల్లలకు ట్యూషన్లు చెప్పాను. 2023 అక్టోబరు నుంచి 2024 మే వరకు తిరుపతి బస్టాండు దగ్గర ఒక లాడ్జిలో రిసెప్షన్ చూశాను.

ఇప్పుడు శ్రీసిటీ పారిశ్రామిక ప్రాంతంలో ఒక ఆహార పరిశ్రమ క్వాలిటీ విభాగంలో ల్యాబ్ అసిస్టెంట్ ఉద్యోగానికి దరఖాస్తు చేయాలనుకుంటున్నాను. తేదీల వరుసలో రాస్తే ల్యాబ్, ట్యూషన్, ల్యాబ్, లాడ్జి, మళ్లీ ల్యాబ్ అని ఒక చోట నిలవని మనిషిలా కనిపిస్తున్నాను. 'నాలుగేళ్ల అనుభవం' అని రాసేయమని మా పిన్ని కొడుకు అంటున్నాడు. అలా రాయవచ్చా? లాడ్జి పని అసలు చెప్పాలా? నైపుణ్యాల దగ్గర 'ల్యాబ్ పరీక్షలు, ఎక్సెల్, కష్టపడే స్వభావం' అన్న మూడు మాటలకు మించి నాకు ఏమీ తోచలేదు.

జవాబు 1 – శ్రీసిటీ, క్వాలిటీ విభాగం

అమ్మా, నేను ఎనిమిదేళ్లుగా ఇలాంటి దరఖాస్తులు చదువుతున్నాను కాబట్టి సూటిగా చెబుతాను. నాలుగేళ్ల అనుభవం అని రాయవద్దు. మీది నాలుగు సీజన్లు, మొత్తం 12 నెలలు. దాన్ని అలాగే రాయండి. ఒకే ఫ్యాక్టరీ మిమ్మల్ని నాలుగుసార్లు తిరిగి పిలిచిందంటే మీ పని వారికి నచ్చిందని అర్థం, చదివేవారికి అది వెంటనే తెలుస్తుంది. నాలుగు సీజన్లనూ నాలుగు చోట్ల విడదీయకుండా ఒకే శీర్షిక కింద పెట్టి, పక్కన 'జూన్–ఆగస్టు: 2022, 2023, 2024, 2025' అని వేస్తే మీరు భయపడుతున్న అతుకుల బొంత కనిపించదు.

ఇక అసలు లోపం నైపుణ్యాల దగ్గర ఉంది. 'ల్యాబ్ పరీక్షలు' అంటే నాకు ఏమీ తెలియదు. గుజ్జు ల్యాబ్‌లో బ్రిక్స్ (అంటే గుజ్జులో కరిగి ఉన్న చక్కెర లాంటి పదార్థాల శాతం), పీహెచ్, ఆమ్లత్వం చూస్తారు కదా, వాటిని పేరుపేరునా రాయండి. పీహెచ్ మీటరును, పీహెచ్ విలువ ముందే తెలిసిన 4, 7 బఫర్ ద్రావణాలతో మీరే కాలిబ్రేట్ చేసేవారా, అంటే రీడింగ్ సరిచేసేవారా? బ్రిక్స్ కొలిచే రిఫ్రాక్టోమీటర్ గాజు మీద గుజ్జు చుక్క వేసే ముందు డిస్టిల్డ్ వాటర్‌తో సున్నా సరిచూసేవారా? సోడియం హైడ్రాక్సైడ్‌తో టైట్రేషన్ చేసి ఆమ్లత్వం లెక్కించేటప్పుడు, పసుపు గుజ్జులో ఫినాఫ్తలీన్ సూచిక చివర్లో చూపే లేత గులాబీ రంగు పోల్చుకోవడం కష్టం, అందుకే నమూనాను బాగా నీళ్లతో పలుచన చేస్తారు. అది చేతితో చేసినవారికే తెలిసే సంగతి. ఇంటర్వ్యూలో నేను అడిగేది కూడా ఇలాంటివే. 2025లో కాయ విపరీతంగా దిగి ట్రాక్టర్లు ఫ్యాక్టరీ గేట్ల ముందు రోజుల తరబడి నిలిచిపోయిన సంగతి మన ప్రాంతంలో అందరికీ తెలుసు. ఆ ఒత్తిడిలో షిఫ్టుకు ఎన్ని నమూనాలు చూశారో, రీడింగ్ తేడా వచ్చినప్పుడు ఎవరికి చెప్పి బ్యాచ్ ఆపించారో ఒక్క వాక్యంలో రాయండి. కష్టపడే స్వభావం ఆ వాక్యంలోనే తెలుస్తుంది, విడిగా రాయనక్కర్లేదు. లాడ్జి పనిని మాత్రం తీసేయవచ్చని నా అభిప్రాయం.

జవాబు 2 – రేణిగుంట

ఒక విషయం ముందే సరిచూసుకోండి చెల్లెమ్మా. మీకు జీతం ఇచ్చింది ఫ్యాక్టరీయా, కాంట్రాక్టరా? నేను రెండేళ్లు ఒక పరిశ్రమలో కాంట్రాక్టు మీద పనిచేసి రెజ్యూమేలో ఆ పరిశ్రమ పేరు మాత్రమే రాశాను. కొత్త ఉద్యోగం ఖాయమయ్యాక వారు వివరాలు విచారిస్తే, 'ఆ పేరుతో మా రోల్స్‌లో (ఉద్యోగుల జాబితాలో) ఎవరూ లేరు' అని పాత చోటి నుంచి జవాబు వచ్చింది. నేను అబద్ధం చెప్పలేదని నిరూపించుకునేసరికి ఆ ఉద్యోగం ఇంకొకరికి వెళ్లిపోయింది. ఆ బాధ మీకు రాకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను. కాంట్రాక్టరు పేరును యజమానిగా, ఫ్యాక్టరీ పేరును పనిచేసిన చోటుగా రెండూ రాయండి. పీఎఫ్ కట్ అయి ఉంటే పీఎఫ్ సంస్థ ఈపీఎఫ్‌ఓ సైట్‌లో మీ పీఎఫ్ సభ్యత్వ నంబరు యూఏఎన్‌తో లాగిన్ అయి సర్వీస్ హిస్టరీ తెరవండి. అందులో చేరిన తేదీ, మానేసిన తేదీ ఉంటాయి. రెజ్యూమేలోని నెలలు వాటితో సరిపోలాలి.

జవాబు 3 – తిరుపతి, కళాశాల ప్లేస్‌మెంట్ బాధ్యతలు చూసే అధ్యాపకురాలు

మొదటి జవాబులో దాదాపు అన్నీ ఒప్పుకుంటాను కానీ, లాడ్జి పనిని తీసేయమనడం దగ్గర విభేదిస్తున్నాను. తీసేస్తే ఎనిమిది నెలలు ఖాళీగా మిగిలి, ఆ సమయంలో ఏం చేశారన్న ప్రశ్న ఎలాగూ వస్తుంది. 'ఇతర పని' అన్న శీర్షిక కింద లాడ్జికి ఒకటి, ట్యూషన్లకు ఒకటి చొప్పున రెండు వాక్యాలు చాలు. రాత్రి షిఫ్టులో కూర్చున్నారా, రిజిస్టరు లెక్క సరిచూసి తరువాతి వారికి అప్పగించారా? షిఫ్టుల్లో నడిచే పరిశ్రమకు ఆ అలవాటు పనికొస్తుంది.

ఉద్యోగ ప్రకటనను పక్కన పెట్టుకొని మీ రెజ్యూమే చదవండి. వారు 'టైట్రేషన్' అని రాస్తే మీరూ ఆ మాటే వాడండి, ఎందుకంటే కొన్ని సంస్థల్లో మనిషి కంటే ముందు సాఫ్ట్‌వేర్ చదువుతుంది. అందుకే రెండు కాలమ్‌ల అలంకారపు నమూనాలు వద్దు. సాదాగా ఒకే పేజీలో రాసి పీడీఎఫ్ చేయండి. తండ్రి పేరు, కులం, ఆధార్ నంబరు అవసరం లేదు, మా విద్యార్థులు ఎంత చెప్పినా వాటిని రాస్తూనే ఉంటారు. మీకు తమిళం వస్తే తప్పక రాయండి. శ్రీసిటీ తమిళనాడు సరిహద్దును ఆనుకుని ఉంది కాబట్టి అక్కడి ఫ్యాక్టరీల్లో పనిచేసే చోట ఆ భాష ఉపయోగపడవచ్చు.

ప్రశ్న అడిగినవారి స్పందన

ముగ్గురికీ కృతజ్ఞతలు. మేడమ్ చెప్పినట్లే లాడ్జి పని ఒక వాక్యంలో ఉంచుతున్నాను. ల్యాబ్ భాగాన్ని రాత్రి కూర్చుని తిరిగి రాశాను: 'నాలుగు సీజన్లు, 12 నెలలు. షిఫ్టుకు 30 నుంచి 35 గుజ్జు నమూనాల్లో బ్రిక్స్, పీహెచ్, ఆమ్లత్వం పరీక్షించి నమోదు చేశాను. షిఫ్టు మొదట్లో పీహెచ్ మీటరు కాలిబ్రేషన్ నా బాధ్యత. పరిమితి దాటిన రీడింగ్‌ను రెండోసారి సరిచూసి, బ్యాచ్ ఆపమని ఇన్‌ఛార్జికి తెలియజేశాను.' నమూనాల సంఖ్య నా పాత నోటుపుస్తకం చూసి వేసిందే.

రేణిగుంట అన్నయ్య చెప్పాక పీఎఫ్ చూసుకుంటే మొదటి రెండు సీజన్లు కాంట్రాక్టరు పేరున, తరువాతివి ఫ్యాక్టరీ పేరున ఉన్నాయి. 2023 సీజన్‌కు అనుభవ పత్రం కూడా నా దగ్గర లేదు. సోమవారం చిత్తూరు వెళ్లి కాంట్రాక్టరు ఆఫీసులో అడిగి తెచ్చుకుంటాను, ఆ తరువాతే దరఖాస్తు పంపుతాను.