పెరట్లో నెగడు గుంట: ఎర్ర ఇటుక చాలా, ఫైర్ బ్రిక్ కావాలా?

పెరటిపని:
పెరట్లో గుండ్రంగా ఒక నెగడు గుంట కట్టాలని ఉంది. లోపలి వెడల్పు 3 అడుగులు, గోడ ఎత్తు అడుగు. ఇల్లు కట్టగా మిగిలిన ఎర్ర ఇటుకలు మూలన పడి ఉన్నాయి. వాటితో సిమెంటు మాలు వేసి కట్టేద్దామంటే మా మేస్త్రి ఫైర్ బ్రిక్ (ఎక్కువ వేడిని తట్టుకునేలా చేసిన ఇటుక) లేకుండా వద్దంటున్నాడు. మా బావేమో "ఇటుక పుట్టిందే నిప్పులో, దానికి నిప్పేం చేస్తుంది" అంటున్నాడు. ఎవరి మాట వినాలి?

ఎర్రమట్టి:
నాదీ మీ బావగారి మాటే. బట్టీలో ఇటుక 900, 1,000 డిగ్రీల దాకా కాలుతుంది. నాలుగు కట్టెలు పేర్చి వెలిగించే మంటకు గోడ అంత వేడెక్కదు. నా గుంట కట్టి మూడేళ్లయింది. రెండు ఇటుకలు బీటలిస్తే తీసేసి వేరేవి పెట్టాను. అంతే.

కొలిమి:
బట్టీ లెక్క సగమే చెప్పారు. అక్కడ ఇటుకను రోజుల తరబడి మెల్లగా వేడెక్కించి, మెల్లగా చల్లారుస్తారు. నెగడులో అలా కాదు. లోపలి ముఖం అరగంటలో మాడిపోతుంటే వెనక ముఖం ఇంకా చేయి పెట్టేంత చల్లగానే ఉంటుంది. ఒకే ఇటుకలో ఒక వైపు సాగుతూ ఇంకో వైపు సాగకపోతే చీలక ఏం చేస్తుంది? పైగా వానకు తడిసిన ఇటుకైతే లోపలి నీరు ఆవిరవుతుంది. ఆవిరికి నీటికంటే దాదాపు 1,600 రెట్లు చోటు కావాలి. దారి దొరక్కపోతే పెచ్చు లేచి ఎగురుతుంది. మూడేళ్లలో ఎవరి కంట్లోనూ పడలేదంటే మీ అదృష్టం.

ఎర్రమట్టి:
తడి సంగతి ఒప్పుకుంటా. అందుకే రేకు మూత పెడతా, వాన వెలిసిన మర్నాడు వెలిగించను. కానీ ఫైర్ బ్రిక్ మాత్రం నీళ్లు పీల్చదా? మూత లేకపోతే అదీ అంతే.

తాపీపని:
మీరిద్దరూ ఇటుక దగ్గరే కొట్టుకుంటున్నారు. ముందు పోయేది మాలు. 400 డిగ్రీలు దాటాక గట్టిపడ్డ సిమెంటులోని కాల్షియం హైడ్రాక్సైడ్ విడిపోతుంది, పట్టు సడలుతుంది. ఇసుకలోని క్వార్ట్జ్ 573 డిగ్రీల దగ్గర ఉన్నట్టుండి ఉబ్బుతుంది. ఇక అతుకులు పిండిలా రాలతాయి. ఎంత మంచి ఇటుకైనా మామూలు మాలుతో మంటకు ఎదురుగా పెడితే ఉపయోగం లేదు. రిఫ్రాక్టరీ మాలు (ఎక్కువ వేడిని తట్టుకునే మాలు) వాడి అతుకు 3 మిల్లీమీటర్లకు మించకుండా కట్టాలి, లేదా అసలు మాలే లేకుండా పేర్చాలి. నేనైతే పేర్చమనే అంటాను. పాడైన ఇటుకను చేత్తో తీసి మార్చుకోవచ్చు.

ఇంకో మాట. మూలన ఉన్నవి కాల్చిన మట్టి ఇటుకలేనా చూసుకోండి. ఫ్లై యాష్ ఇటుక, సిమెంటు బ్లాకు బట్టీ మొహం చూసినవి కావు, అవి అసలు వద్దు. ఏటి గులకరాళ్లు కూడా లోపల వేయకండి, అవీ పేలతాయి.

పెరటిపని:
మట్టి ఇటుకలే. కానీ మాలు లేకుండా పేరిస్తే పిల్లలు ఎక్కి తొక్కితే కూలదా? అదే టెన్షన్.

తాపీపని:
ఊరికే పేరిస్తే కదులుతుంది, నిజమే. అందుకని రెండు వలయాలు చేయండి. లోపల ఫైర్ బ్రిక్, మాలు లేకుండా. బయట మీ ఎర్ర ఇటుక, మామూలు మాలుతోనే, పై ఇటుక కింది అతుకు మీద కూర్చునేలా. రెంటి మధ్య వేలెడు సందు వదలండి. అందులో మాలు నింపకూడదు, లోపలిది సాగడానికే ఆ చోటు. అడుగున 4 అంగుళాలకు తగ్గకుండా కంకర పరిస్తే నీళ్లు ఇంకుతాయి. రెండు వలయాల్లోనూ కింది వరసలో నాలుగు చోట్ల ఎదురెదురుగా గాలి రంధ్రాలు వదలండి. లేకపోతే మంటకంటే పొగే ఎక్కువ. బయటి మాలు ఆరడానికి 4 వారాలు ఆగి, మొదటి రెండు మూడు సార్లు చితుకులతో చిన్న మంటే పెట్టండి.

కొలిమి:
దీనికి నాకు అభ్యంతరం లేదు. ఇంటి గోడకూ కొమ్మలకూ 10 అడుగులైనా దూరం ఉండాలి. ఎర్రమట్టి గారి మూత కూడా పెట్టండి.

పెరటిపని:
సరే, అలాగే కడతాను. మేస్త్రికి చెప్తే "నేను చెప్పిందే కదా" అన్నాడు. బావ ఇంకా ఒప్పుకోవట్లేదు.

ఎర్రమట్టి:
బయట కనిపించేది ఎర్ర ఇటుకే అని చెప్పండి.