సొంత క్యారేజీ తీసుకెళ్ళినా పార్సిల్ ఛార్జీ వేస్తారా?

పప్పుచారు:
బెంగళూరు మారతహళ్ళిలో మన ఆంధ్రా మెస్ ఒకటుంది, పేరొద్దు. ఆదివారం మీల్స్ పార్సిల్‌కి ఇంటి నుంచి నాలుగు గిన్నెల స్టీలు క్యారేజీ పట్టుకెళ్ళాను. మీల్స్ 180. బిల్లులో ప్యాకింగ్ 20 కూడా వేశారు. గిన్నె నాదే కదా అంటే ‘సిస్టమ్‌లో అలాగే వస్తుంది సార్’ అన్నాడు కౌంటర్‌లో ఆయన. అసలు విచిత్రం ఆ తర్వాత. కుర్రాడు వరసగా పేర్చిన ప్లాస్టిక్ డబ్బాల్లోంచి పప్పు డబ్బా తీసి, మూత ఊడదీసి, నా గిన్నెలోకి వంచి, అడుగున మిగిలింది రెండు దెబ్బలు కొట్టి దులిపి, డబ్బా చెత్తబుట్టలో పడేశాడు. రసానికీ అంతే, పెరుగుకీ అంతే. డబ్బాలు వద్దని గిన్నెలు తెస్తే నా పేరు మీద మూడు డబ్బాలు చెత్తలోకి పోయాయి. పైగా డబ్బులు నావి. ఇది న్యాయమేనా?

సిల్క్‌బోర్డు బాధితుడు:
ఇరవై రూపాయలకి ఇంత పోస్టా బ్రో?

లెక్కల మాస్టారు:
ఇరవై కాదు, ఇరవై ఒకటి. మామూలు హోటల్లో జీఎస్టీ 5 శాతం, కూర్చుని తిన్నా పార్సిల్ తీసుకున్నా అదే. ప్యాకింగ్ కూడా ఆ బిల్లులో కలుస్తుంది కాబట్టి దాని మీదా పడుతుంది. లోపల తింటే 189, పార్సిల్ 210. ముందు బిల్లు ఫొటో పెట్టండి. కాంపోజిషన్ స్కీమ్‌లో (చిన్న వ్యాపారులు తమ అమ్మకాల మీద కొద్ది శాతం పన్ను తామే కట్టే పద్ధతి) ఉన్న హోటలైతే కస్టమర్ దగ్గర జీఎస్టీ వసూలు చేయనేకూడదు.

క్యాష్ కౌంటర్:
మాది బీటీఎంలో చిన్న మెస్. అవతలి పక్క కూడా వినండి. ఆదివారం ఒంటిగంటకి మా గుమ్మం దగ్గర యాప్ కుర్రాళ్ళే ఎనిమిది మంది నిలబడి ఉంటారు. అప్పుడు గరిటె పట్టుకుని ఒక్కొక్కరికీ కొలిచి పోయడం కుదరదు. అందుకే డబ్బాలు ముందే నింపి పెట్టుకుంటాం. డబ్బా అంటే మాకు ప్యాకింగ్ ఒక్కటే కాదు, కొలత కూడా. క్యారేజీలో పోయడం మొదలుపెడితే ‘ఇంకో గరిటె వెయ్ తమ్ముడూ’ అంటారు. వెయ్యకపోతే మొహం ముడుచుకుంటారు.

నెల్లూరమ్మాయి:
ముందే అంటే ఎప్పుడండీ? పదకొండింటికి నింపి రెండింటికి ఇస్తారా? వేడి వంటకం వడ్డించేదాకా 60 డిగ్రీల పైన ఉండాలి. గోరువెచ్చని పప్పు, అదీ ప్లాస్టిక్‌లో.

క్యాష్ కౌంటర్:
మేడమ్, మీరు ఫుడ్ ఇన్‌స్పెక్టరా? నేను ఛార్జీ గురించి మాట్లాడుతున్నాను.

పప్పుచారు:
కొలతే కావాలంటే స్టీలు గ్లాసు పెట్టుకోవచ్చు. నేనడిగేది ఒక్కటే, గిన్నె నాదైనప్పుడు ఇరవై దేనికి?

లెక్కల మాస్టారు:
ఇరవై ఒకటి.

కడప కారం:
దర్శినిలో అయితే ఎవరి ఇడ్లీ ప్లేటు వాళ్ళే తెచ్చుకుని నిలబడి తింటారు, అక్కడ పార్సిల్‌కీ దీనికీ పెద్ద తేడా ఉండదు. ఆంధ్రా మెస్‌లో అమ్మేది వడ్డన. ఆకేసి, కందిపొడి వేసి, నెయ్యి పోసి, ‘అన్నా ఇంకొంచెం పప్పూ’ అని మారు అడిగే మనిషి ఉంటేనే ఆ 180. పార్సిల్‌లో ఆ మనిషీ లేడు, మారూ లేదు. ధర తగ్గాలి గానీ పెరగడమేంటి? ఇంకోటి, కర్ణాటకలో ప్లాస్టిక్ క్యారీబ్యాగులు 2016 నుంచే నిషేధం. మన సాంబారు మాత్రం ఇంకా పల్చటి కవర్లోనే, మెడకి రబ్బరు బ్యాండు బిగించుకుని వస్తోంది.

క్యాష్ కౌంటర్:
ఆ మారు అడిగే మనిషి ఎక్కడ దొరుకుతాడో మీరే చెప్పండి. సంక్రాంతికి ఇద్దరు ఊరెళ్ళారు, తిరిగి రాలేదు. మా నాన్న అరవై రెండేళ్ళ వయసులో రసం బకెట్ మోస్తున్నాడు. మాకు పార్సిలే దిక్కు. ఇరవై రూపాయలు భారమైతే ఇంట్లో వండుకోండి సార్, ఎవరు వద్దన్నారు?

పప్పుచారు:
వండుకోండి అంటారా? సరే, అసలు విషయం చెప్తాను. పదకొండేళ్ళుగా ఆ మెస్‌లో తింటున్నాను. పీజీలో ఉన్న రోజుల్లో అదే కౌంటర్ ఆయన నన్ను ‘అల్లుడూ’ అనేవాడు, నెలాఖర్లో అప్పు కూడా పెట్టేవాడు. ఇప్పుడు మా నాన్న మోకాలి ఆపరేషన్ అయి నా దగ్గరే ఉన్నాడు. మెస్ మొదటి అంతస్తులో ఉంది, ఆయన ఎక్కలేడు. అందుకే క్యారేజీ. నాతో కూడా ఆ కౌంటర్ ఆయన ‘పార్సిల్ వాళ్ళు పక్కకి నిలబడండి’ అన్నాడు. మెట్ల మీద ఇరవై ఐదు నిమిషాలు నిలబడ్డాను. లోపల కూర్చుంటే అల్లుణ్ణి, సంచి పట్టుకుంటే పార్సిల్‌వాణ్ణా?

నెల్లూరమ్మాయి:
ఇది ముందే చెప్పాల్సింది కదండీ. మేమంతా డబ్బాల గురించి కొట్టుకుంటున్నాం.

క్యాష్ కౌంటర్:
అన్నా, అలా అనడం తప్పే, ఒప్పుకుంటాను. కానీ ఒకటి చెప్పు. ఆయన నిన్ను చూసే అన్నాడా, తల ఎత్తకుండా అన్నాడా? ఆ టైమ్‌లో మా నాన్న నన్ను కూడా ‘పక్కకి జరుగు’ అంటాడు.

పప్పుచారు:
తల ఎత్తలేదు. ఎత్తితే బాగుండేదనే నా బాధ.

కడప కారం:
అయినా ఇరవై తీసుకోకూడదు.

లెక్కల మాస్టారు:
బిల్లు ఫొటో అడిగాను. ఇంకా పెట్టలేదు.