ఉత్తరం గోడ మీద నల్ల చారలు: యాసిడ్‌తో కడగాలా, ప్రెషర్ వాషర్ పెట్టాలా?

నాలుగో అంతస్తు (విశాఖ):
జీ ప్లస్ ఫోర్ అపార్ట్‌మెంట్. రంగు వేసి ఆరేళ్లయింది. ఉత్తరం వైపు పిట్టగోడ నుంచి కిందికి నల్ల చారలు దిగాయి, సన్‌షేడ్ల కింద పచ్చగా పాచి. యాసిడ్ పోసి రుద్ది, పుట్టీ పెట్టి, రెండు కోట్లు కొడితే చాలని పెయింటర్ అంటున్నాడు. ప్రెషర్ వాషర్ అద్దెకు తెద్దామని అసోసియేషన్‌లో కొందరు. ఏది చేయించమంటారు?

పరంజా:
యాసిడ్ వద్దండీ. ప్లాస్టరింగ్‌లోని సిమెంటునే తినేస్తుంది. ఇసుక తేలిన గోడకి రంగు పట్టదు. పాత రంగు మీద సిమెంటు పుట్టీ కూడా అంతే, రెండు వానలకి పెచ్చులూడుతుంది.

ముందు ఆ నలుపేంటో తేల్చుకోండి. బ్లీచింగ్ నీళ్లు దూదితో అద్ది ఐదు నిమిషాలు ఆగండి. తెల్లబడితే నాచో బూజో. మారకపోతే దుమ్మూ పొగా, దానికి సబ్బునీళ్లు చాలు.

నాచైతే ప్లాస్టిక్ బకెట్లో 10 లీటర్ల నీళ్లకి 300 నుంచి 400 గ్రాముల బ్లీచింగ్ పౌడర్ కలపండి. సంచి విప్పి చాలా రోజులైన పౌడర్ వాడకండి, ఘాటు పోయుంటుంది. అరగంట తేరనిచ్చి పైనీళ్లు మాత్రం గుడ్డలో వడకట్టాలి. అడుగున ఉండే సున్నం గోడ మీదికి పోతే తెల్ల మరకలు పడతాయి. కొట్టేటప్పుడు కింద నుంచి పైకి రండి. పై నుంచి మొదలెడితే పొడి గోడ మీద ధారలు కట్టి ఆ గీతలు అలాగే నిలిచిపోతాయి. 15, 20 నిమిషాలు నాననిచ్చి, ఆరిపోకముందే నైలాన్ బ్రష్‌తో రుద్ది, పై నుంచి కిందికి కడిగెయ్యాలి. కింద మొక్కలుంటే ముందే మంచినీళ్లతో తడిపి కప్పండి. ఒక్కమాట, బ్లీచింగ్, యాసిడ్ కలిశాయంటే క్లోరిన్ గ్యాస్ పుడుతుంది. మీ పెయింటర్ చేతిలో యాసిడ్ డబ్బా ఉందంటున్నారు కాబట్టి చెప్తున్నా.

నాలుగో అంతస్తు:
థాంక్సండీ. అద్దితే నిమిషంలో తెల్లబడింది, నాచే. మరి ప్రెషర్ వాషర్?

సైట్ ఇంజనీర్:
వాడొచ్చు సార్, కానీ ముందు గోడంతా తట్టి చూడండి. డొల్ల శబ్దం వచ్చేచోట, పగుళ్లున్నచోట కొడితే నీళ్లు లోపలికి దూరి ఫ్లాట్లో చెమ్మ తేలుతుంది. తెల్ల నాజిల్, అంటే 40 డిగ్రీలది పెట్టండి. ఎర్రది సున్నా డిగ్రీలు, ప్లాస్టరింగ్‌ని చెక్కేస్తుంది. గోడకి అడుగున్నర దూరం పాటించండి. కిటికీ సందుల్లోకి, ఏసీ యూనిట్ల మీదికి ధార వద్దు.

అసలు సంగతి, చార ఎక్కడుందో నీరు అక్కడ కారుతోంది. పిట్టగోడ పైభాగం వాలు బయటికుంటే వాననీళ్లు దుమ్ముతో సహా గోడమీదికే దిగుతాయి. ఉత్తరం వైపు ఎండ తక్కువ, తడి ఆరదు, పాచి పడుతుంది. పైభాగానికి టెర్రస్ వైపు వాలు పెట్టించండి. సన్‌షేడ్ కింద అంచుకి ఓ అంగుళం లోపలగా 10 మిల్లీమీటర్ల గాడి ఉందా? చాలా బిల్డింగుల్లో పాత రంగు పూతలతో పూడిపోయుంటుంది. గోకించండి, లేకపోతే తీయించండి. బొట్టు అక్కడే తెగి కింద పడాలి, వెనక్కి పాకి గోడనెక్కకూడదు. ఇది చేయకుండా ఎంత ఖరీదైన రంగేసినా చారలు అదే చోట మళ్లీ వస్తాయి.

బాల్కనీ అడుగున గోధుమరంగు మరకలుంటే అది నాచు కాదు, లోపల కడ్డీ తుప్పు. అక్కడ బ్లీచింగ్ కొట్టకండి, క్లోరైడ్ తుప్పుని పెంచుతుంది. పెచ్చు తీసి కడ్డీ శుభ్రం చేయించాకే మిగతా పని.

పరంజా:
కరెక్ట్. కడిగాక ఎండ బాగుంటే నాలుగైదు రోజులు ఆరనివ్వండి. ప్లాస్టిక్ కాగితం ముక్క గోడకి నాలుగువైపులా టేపుతో అంటించి మర్నాడు చూడండి, లోపలివైపు చెమటలు పడితే ఇంకా ఆరనట్టే. విశాఖలో నవంబర్ దాకా వానలుంటాయి కాబట్టి జనవరి తర్వాత పెట్టుకుంటే నయం. ప్రైమర్ ఒకటి, ఎమల్షన్ రెండు కోట్లు. నీళ్లు డబ్బా మీద రాసినంతే. పెయింటర్ ఇంకో మగ్గు పోయకుండా కలిపేటప్పుడు ఒకరు దగ్గరుండండి.

తాడు మీద దిగేవాళ్లుంటే ఆ తాడు పిట్టగోడకి కట్టనివ్వకండి, స్లాబ్‌పై లేచిన కాలమ్‌కి కట్టించండి. నడుముకి తాడు కాదు, ఒంటికంతా పట్టే హార్నెస్ ఉండాలి, దానికి వేరే తాడు.