మారుతి 800 రన్నింగ్ బోర్డుకు తుప్పు: పుట్టీతో సరిపోతుందా, రేకు కోయించాలా?

విశాఖ_800:
అందరికీ నమస్కారం. మాది 1998 మారుతి 800, తెల్లది. నాన్నగారు కొన్న బండి, ఇప్పుడు నేను నడుపుతున్నాను. ఆర్సీ రెన్యూవల్ 2028 దాకా ఉంది, ఇంజన్ బ్రహ్మాండంగా ఉంది. ఇల్లు బీచ్‌కి దగ్గర, పార్కింగ్ ఆరుబయటే. ఎడమవైపు రన్నింగ్ బోర్డు (డోర్ల కింద ముందు నుంచి వెనక్కి పోయే పొడవాటి భాగం) మీద వెనక చక్రం దగ్గర పెయింట్ పొక్కులు లేచింది. గోటితో గీకితే పెచ్చు ఊడి వచ్చింది. కార్పెట్ ఎత్తి చూస్తే ముందు సీటు కింద ఫ్లోర్ తడిగా ఉంది, స్క్రూడ్రైవర్ నొక్కితే దిగిపోయింది. ముందు ఎడమ ఫెండర్ (చక్రం పైన కప్పే రేకు) కింది అంచు కూడా పోయింది.

రెండు షెడ్లలో అడిగాను. ఒకాయన పుట్టీ పెట్టి పెయింట్ కొట్టి రెండు రోజుల్లో ఇచ్చేస్తానంటున్నారు. రెండో ఆయన రేకు కోసి కొత్తది వెల్డింగ్ చేయాలి, వారం పడుతుంది అంటున్నారు, ఖర్చు మూడు రెట్లు. ఈ బండి అమ్మే ఉద్దేశం లేదు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

ఆటోనగర్_టింకర్:
బ్రదర్, రెండో ఆయన చెప్పిందే కరెక్టు. మేం విజయవాడ ఆటోనగర్‌లో టింకరింగ్ షెడ్ నడుపుతాం, నాన్న నుంచి వచ్చిన పని. బయట పొక్కు కనిపించిందంటే తుప్పు లోపలి నుంచి బయటికి వచ్చేసిందని అర్థం. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, అందుకే పెయింట్ లేస్తుంది. దాని మీద పుట్టీ పెడితే ఒక వానాకాలం ఆగుతుంది. మళ్లీ అదే చోట, ఈసారి ఇంకా పెద్దగా లేస్తుంది.

రన్నింగ్ బోర్డు ఒంటి రేకు కాదు. బయట రేకు, లోపల రేకు కలిపి పెట్టెలా ఉంటుంది. 800కి విడిగా ఛాసిస్ లేదు, బాడీయే బరువు మోస్తుంది. ఆ మోతలో రన్నింగ్ బోర్డుకు పెద్ద వాటా ఉంది. కాబట్టి ఇది అందం కోసం చేసే పని కాదు. జాకీ పెట్టే చోటు గట్టిగా ఉందో లేదో ముందు చూడండి. అక్కడ రేకు నలిగిపోతుంటే బండిని ఆ పాయింటు మీద ఎత్తనివ్వొద్దు.

కోసేటప్పుడు నేను చూసుకునేవి ఇవి. బండి నాలుగు చక్రాల మీద సమంగా నిలబడి ఉండాలి. డోరు సందులు కొలిచి రాసుకోవాలి. రెండు వైపులూ ఒకేసారి కోయకూడదు, ఒక వైపు పూర్తయ్యాకే రెండోది. లేకపోతే బాడీ కిందికి వాలి, తర్వాత డోరు పట్టదు. గట్టి రేకు తగిలేదాకా కోయాలి. కన్నం చుట్టూ ఒక అంగుళం కోసి ఆపితే వెల్డింగ్ నిలవదు, పలచబడ్డ రేకు వేడికి కాలి కన్నం ఇంకా పెద్దదవుతుంది. లోపలి రేకు కూడా పోయి ఉంటే ముందు దాన్ని కట్టి, ఆ తర్వాతే బయటది. కొంతమంది పాతదాన్ని అలాగే వదిలేసి పైన కొత్త రేకు కప్పేస్తారు. మధ్యలో తుప్పు పని చేస్తూనే ఉంటుంది. మీ మేస్త్రీని ఈ ఒక్క విషయం గట్టిగా అడగండి.

రేకు బయటికి 22 గేజ్, అంటే 0.76 మిల్లీమీటర్లు. ఫ్లోర్‌కి 20 గేజ్ వేస్తాం, 0.91 వస్తుంది. సీఆర్ షీటు (జింకు పూత లేని మామూలు ఉక్కు రేకు) అడగండి. జీఐ షీటు (జింకు పూత పూసిన రేకు) తుప్పు పట్టదని కొందరు అదే కావాలంటారు. వెల్డింగ్ వేడికి దాని జింకు పొగవుతుంది, ఆ పొగ పీలిస్తే సాయంత్రానికి చలిజ్వరం వస్తుంది. పైగా అతుకు కూడా శుభ్రంగా రాదు.

కాకినాడ_జెన్:
టింకర్ గారు చెప్పిన దానికి ఒక చిన్న మాట కలుపుతాను. అన్నిచోట్లా కోయక్కర్లేదు. కన్నం పడకుండా పైపైన గుంటలు పడ్డ రేకుకు రస్ట్ కన్వర్టర్ బాగా పనిచేస్తుంది. మా మారుతి జెన్ డిక్కీలో స్టెప్నీ గుంతకు అలాగే చేశాను, ఇప్పటికీ బాగుంది. వైర్ బ్రష్‌తో పొడి తుప్పు మొత్తం రాలగొట్టాలి. తర్వాత 80 నంబర్ ఎమెరీ, శుభ్రంగా తుడిచి కన్వర్టర్. అందులో ఉండేది ఎక్కువగా ఫాస్ఫారిక్ యాసిడ్, కొన్నిట్లో టానిక్ యాసిడ్. తుప్పు నల్లబడి గట్టి పొరగా మారుతుంది. పూర్తిగా ఆరాక ఎపాక్సీ ప్రైమర్. గ్లవ్స్, కళ్లద్దాలు మాత్రం తప్పనిసరి.

ఆటోనగర్_టింకర్:
స్టెప్నీ గుంత కంటికి కనిపిస్తుంది, చెయ్యి పోతుంది కాబట్టి ఒప్పుకుంటాను. రన్నింగ్ బోర్డు లోపలికి బ్రష్ పోదు. పెచ్చులు కట్టిన తుప్పు మీద కన్వర్టర్ పోస్తే పై పొర నల్లబడుతుంది, అడుగున మామూలే. స్క్రూడ్రైవర్ దిగిన చోట మందులు లేవు, కోతే.

భాగ్యనగర్_బండి:
ఫెండర్‌కి మాత్రం వెల్డింగ్ పెట్టించకండి. ముందు ఫెండర్లు, బానెట్, డోర్లు, డిక్కీ డోరు బోల్టులతో ఉంటాయి, విప్పి మార్చుకోవచ్చు. వెనక క్వార్టర్ ప్యానెల్ (వెనక చక్రం పైనుండే రేకు), రన్నింగ్ బోర్డు, ఫ్లోర్ అలా రావు. 800 తయారీ 2014 జనవరిలో ఆగిపోయినా చాలా బండ్లు అమ్ముడయ్యాయి కాబట్టి సెకండ్‌హ్యాండ్ ఫెండర్లు దొరుకుతూనే ఉన్నాయి. మోడల్‌ని బట్టి ముందు భాగం ఆకారం మారింది, అందుకే మీది విప్పి పట్టుకెళ్లి పక్కన పెట్టి చూసి కొనండి. కొనేముందు పల్చటి గుడ్డ చుట్టిన అయస్కాంతం అంచుల వెంబడి జరపండి. పట్టు వదిలిన చోట పుట్టీ ఉన్నట్టే.

నీటిజాడ:
అందరూ రేకు గురించే చెబుతున్నారు. ఫ్లోర్ తడిగా ఉందన్నారు కదా, ఆ నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి? అది తేల్చకుండా కొత్త ఫ్లోర్ వేయిస్తే కొత్త రేకు కూడా అదే దారి పడుతుంది.

కార్పెట్ పూర్తిగా తీసేసి ఆరబెట్టండి. ఒకరు లోపల టార్చితో కూర్చోవాలి, ఒకరు బయట పైపుతో నీళ్లు పట్టాలి. కింది నుంచి మొదలుపెట్టి మెల్లగా పైకి రండి. ముందే పైన పోస్తే ఎక్కడ కారుతోందో తెలియదు. ముందు అద్దం రబ్బరు బీడింగ్ గట్టిపడి పగిలి ఉండొచ్చు. వైపర్ల కింద ఆకులు, మట్టి పేరుకుని నీళ్లు నిలబడుతుండొచ్చు. డోరు ట్రిమ్ (లోపలివైపు కప్పే అట్ట) వెనక ప్లాస్టిక్ షీటు ఉంటుంది, స్పీకర్లు బిగించేటప్పుడు చాలామంది దాన్ని చింపి పారేస్తారు. అద్దం మీంచి డోరులోకి దిగిన వాననీరు అప్పుడు నేరుగా కార్పెట్ మీదికి వస్తుంది. ఫ్లోర్‌లో రబ్బరు బిళ్లలు ఊడిపోయినా అంతే.

డోర్ల అడుగున నీళ్లు పోయే సన్నని రంధ్రాలు ఉంటాయి. తీగతో పొడిచి చూడండి. పాత బండ్లలో సగానికి సగం మట్టితోనో, పెయింట్ కొట్టినప్పుడో మూసుకుపోయి ఉంటాయి.

విశాఖ_800:
అందరికీ చాలా థాంక్స్. నిన్న తమ్ముడితో కలిసి పైపు పట్టి చూశాం. ఎడమ డోరు ట్రిమ్ వెనక ప్లాస్టిక్ షీటే లేదు! డోరు అడుగు రంధ్రాలు కూడా మూసుకుపోయాయి. పొడిస్తే చాలాసేపు ఎర్ర నీళ్లు కారాయి. రేకు కోయించడమే ఖాయం చేసుకున్నాను. మేస్త్రీ గ్యాస్ వెల్డింగ్ చేస్తానంటున్నారు, ఫర్వాలేదా? ఇంకో టెన్షన్, ఫ్లోర్ కింద పెట్రోలు పైపు కదా?

ఆటోనగర్_టింకర్:
CO₂ వెల్డింగ్ (మంటతో కాకుండా కరెంటుతో సన్న తీగ కరిగించి అతికేది) ఉన్న షెడ్ చూసుకోండి. గ్యాస్‌తో చేసే పాతకాలం మేస్త్రీలలో చేయి తిరిగినవాళ్లు ఉన్నారు, కాదనను. కానీ సన్న రేకుకు గ్యాస్ వేడి చాలా దూరం పాకుతుంది, రేకు అలలు తేలుతుంది, ఆ అలల్ని కప్పడానికి మళ్లీ పుట్టీ. CO₂తో అయినా గీతలా లాగకూడదు. ఇక్కడ ఒక చుక్క, అక్కడ ఒక చుక్క, చల్లారనిచ్చి మధ్యలో ఇంకోటి. తొందరకు తడిగుడ్డ వేయకూడదు.

పెట్రోలు పైపు విషయంలో మీ టెన్షన్ సబబే. ట్యాంకు వెనకుంది, పైపు ఫ్లోర్ కిందుగా ముందుకు వస్తుంది. వెల్డింగ్ జరిగే చోట పైపు విప్పి పక్కకు తీయించండి. సీట్లు, కార్పెట్, ఫ్లోర్‌కి అంటించిన తారు షీట్లు తీసేయాలి, అవి అంటుకుంటాయి. బ్యాటరీ వైర్లు విప్పేయాలి. మనిషొకరు ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ పట్టుకుని లోపలివైపు నిలబడాలి. ఇవన్నీ అడిగితే విసుక్కునే షెడ్‌లో బండి పెట్టకండి.

మిషిగన్_మనవాడు:
ఇక్కడ చలికాలం మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, అందుకే తుప్పు గురించి ప్రతి ఇంట్లో మాట్లాడుకుంటాం. కొత్త రేకు పడ్డాక లోపల ఖాళీలోకి కావిటీ వ్యాక్స్ (తుప్పు రాకుండా కాపాడే మైనం) కొట్టించండి. సన్నని గొట్టంతో లోపలంతా చిమ్ముతారు, మూలలకు పాకుతుంది. కింద నల్లటి రబ్బరు కోటింగ్ మాత్రం పాత తుప్పు మీద వేయించొద్దు. అది ఎక్కడైనా లేస్తే తేమ దాని వెనక చేరి బయటికి కనపడకుండా తింటుంది. మా పాత కామ్రీ అలాగే పోయింది.

కాకినాడ_జెన్:
పెయింట్ సంగతి కూడా. పుట్టీ తేమను పీల్చుకుంటుంది. కాబట్టి వెల్డింగ్ సాపు చేశాక ముందు ఎపాక్సీ ప్రైమర్, దానిమీద పుట్టీ వీలైనంత పల్చగా, మళ్లీ ప్రైమర్, తర్వాత రంగు. పుట్టీ పెట్టి బండిని రాత్రంతా మంచులో వదిలేయనివ్వకండి. మన కోస్తాలో వానాకాలం ముసురులో అసలు పెట్టుకోవద్దు, సంక్రాంతి తర్వాత ఎండ పొడిగా ఉంటుంది. పీయూ (పాలీయురెథేన్) పెయింట్ ఇంట్లో కొట్టే ఆలోచన ఉంటే మానుకోండి. దాంట్లో కలిపే హార్డెనర్‌లో ఐసోసయనేట్లు అనే హానికర రసాయనాలు ఉంటాయి, మామూలు గుడ్డ మాస్క్ వాటిని ఆపదు.

విశాఖ_800:
సంక్రాంతి తర్వాతే పెడతాను. అప్పటిదాకా బండిని ఇలాగే తిప్పొచ్చా?

ఆటోనగర్_టింకర్:
ఊళ్లో మెల్లగా, నలుగురిని ఎక్కించకుండా తిప్పండి. సీటు బోల్టులు, బెల్టు బోల్టులు బిగించిన చోట రేకు గట్టిగా ఉందో లేదో ఈరోజే చూడండి. అక్కడ మెత్తగా ఉంటే మాత్రం పక్కన పెట్టేయండి, సంక్రాంతి దాకా ఆగకండి. బాగుంటే కార్పెట్ వేయకుండా ఎండ కాసినప్పుడల్లా డోర్లు తెరిచిపెట్టండి. ట్రిమ్ వెనక కొత్త ప్లాస్టిక్ షీటు ఈ వారమే అంటించేయండి. మందపాటి పాలిథీన్ కోసి, బ్యూటైల్ టేపుతో (బంకలా అంటుకునే రబ్బరు టేపు) చుట్టూ అంటిస్తే చాలు, కింది అంచు మాత్రం డోరు లోపలికి ఉండాలి.