కడపలో సైకిల్ పండుగ పెట్టాలనుకుంటున్నాం, అనుభవం ఉన్నవాళ్లు కాస్త చెప్పండి

అందరికీ నమస్కారం. జూన్ 3న ప్రపంచ సైకిల్ దినోత్సవం కదా, ముందు ఆ రోజే అనుకున్నాం. కానీ జూన్‌లో మా కడప ఎండ సంగతి తెలిసిందే, అందుకే డిసెంబరుకు మార్చాం.

పిల్లలకు దేవుని కడప చెరువు దగ్గర చిన్న రౌండు, పెద్దవాళ్లకు ఒంటిమిట్ట రామాలయం దాకా. పోయిన ఆదివారం తొమ్మిది మందిమి ట్రయల్ వేశాం. నీళ్లు తాగుదామని రోడ్డు పక్కకు దిగామో లేదో, కంప ముళ్లు! నాలుగు ట్యూబులు పోయాయి. నా టైర్లోనే మూడు ముళ్లు. ఒక చోట ప్యాచ్ వేసి నీళ్లలో ముంచితే ఇంకో చోట బుడగలు. గంటన్నర అక్కడే.

వంద మంది వస్తే వెనక ఒక రిపేరు ఆటో సరిపోతుందా? పోలీసు పర్మిషన్, కార్పొరేషన్ పర్మిషన్‌లలో ఏది ముందు తీసుకోవాలి, ఎన్ని రోజుల ముందు అర్జీ పెట్టాలి? అన్నిటికన్నా టెన్షన్ హైవే మీద లారీలే. పెద్ద గుంపును ఒకేసారి వదలాలా, ఇరవై మంది చొప్పున పంపాలా? మీ ఊళ్లో ఎలా చేశారు?

తిండికి దిగుల్లేదు, అందరికీ ఉగ్గాణి చేసే పూచీ మా అమ్మది.