ఒక ఇంచి స్టీరర్‌కి సస్పెన్షన్ స్టెమ్: ఫ్లెక్స్‌స్టెమా, సాఫ్ట్‌రైడా?

గుణుపురం_రైడర్:
నాది 1990ల మొదట్లోని స్టీలు ఎమ్‌టీబీ (మౌంటెన్ బైక్). సస్పెన్షన్ లేని ఫోర్కు, 1 ఇంచి థ్రెడ్ స్టీరర్ (ఫోర్కు పై గొట్టం), కాంటిలీవర్ బ్రేకులు. రాయగడ వైపు కంకర దారిలో గంట తొక్కితే అరచేతులు తిమ్మిరెక్కుతున్నాయి. సస్పెన్షన్ ఫోర్కు వేస్తే ముందు భాగం లేచి హెడ్ యాంగిల్ (ఫోర్కు వాలు కోణం) మారిపోతుంది, అది ఇష్టం లేదు. అందుకే హ్యాండిల్‌ని ఫోర్కుకి కలిపే స్టెమ్‌నే కదిలే రకంగా మార్చాలనుకుంటున్నా. గిర్విన్ ఫ్లెక్స్‌స్టెమ్, సాఫ్ట్‌రైడ్ రెండూ పాతవి అమ్మకానికి ఉన్నాయి. ఏది తీసుకోవాలండీ?

వంశధార_వీల్స్:
సాఫ్ట్‌రైడే తీసుకోండి. ఫ్లెక్స్‌స్టెమ్‌కి ఇరుసు ఒక్కటే. హ్యాండిల్ దిగినప్పుడల్లా ముందుకి తిరుగుతుంది, బ్రేకు లీవర్లూ దాంతోపాటే వంగుతాయి. సాఫ్ట్‌రైడ్‌లో నాలుగు ఇరుసుల సమాంతర చతుర్భుజం, లోపల స్ప్రింగు. హ్యాండిల్ కోణం మారకుండా కిందికి దిగి పైకి వస్తుంది. రెండూ కాపాడేది చేతుల్నే, చక్రాన్ని కాదు. గుంతలో టైరు ఎగరడం ఎగురుతుంది. 1990లో అమెరికాలోని డురాంగో ప్రపంచ పోటీల్లో డౌన్‌హిల్ (కొండ దిగే పందెం) రాక్‌షాక్స్ సస్పెన్షన్ ఫోర్కుతో గెలిచారంటే కారణం అదే.

కొనేముందు క్విల్‌ని (స్టీరర్ లోపలికి దిగే స్టెమ్ కాడని) వెర్నియర్‌తో కొలవండి. 1 ఇంచి స్టీరర్‌కి 22.2 మి.మీ. కావాలి. 25.4 అంటే అది 1⅛ ఇంచిది, మీ ఫోర్కులో దూరదు. అరగదీసి దూర్చాలని చూడొద్దు, గోడ పల్చబడి విరుగుతుంది. అల్యూమినియం క్విల్ అయితే గ్రీజు పట్టించే దించండి. వానాకాలం గడిచేసరికి స్టీలు స్టీరర్‌లో పట్టేస్తే ఊడదీయడం నరకం. క్విల్ మీదున్న కనీస లోతు గీత పైకి కనబడకూడదు.

సిరొంచ_సైకిల్:
అన్నా, నాలుగు ఇరుసులంటే నాలుగు చోట్ల బుష్షులు అరుగుతయి. ఫొటో చూసి కొనొద్దు. ముందు బ్రేకు గట్టిగ పట్టి హ్యాండిల్ కొసలు అటూ ఇటూ తిప్పి చూడాలె. పక్కకు లూజు ఉంటే లేత్ మీద కొత్త బుష్షులు చేయించాల్సిందే. ఫ్లెక్స్‌స్టెమ్‌ల ఒక్క ఇరుసు, ఒక్క రబ్బరు ముక్క, అంతే. ఆ ముక్క ఇన్నేండ్లకు రాయి లెక్క గట్టిపడి ఉంటది, లేకుంటే పొడిపొడి అయితది. అదే మందం పాలీయురెథేన్ రాడ్ కోసి పెడితే మళ్ల పని చేస్తది. బరువు తక్కువున్నోళ్లు షోర్ ఏ 70 (రబ్బరు గట్టిదనం కొలత) తోని మొదలుపెట్టి చూడుండ్రి. నా ఓటు ఫ్లెక్స్‌స్టెమ్‌కే. లీవర్లు మామూలుకన్న జరంత పైకి బిగిస్తే కోణం తిప్పలు సగం పోతది.

గుణుపురం_రైడర్:
ముందు బ్రేకు కేబుల్ ఇప్పుడు స్టెమ్‌కున్న హ్యాంగర్ (ఔటర్ కేబుల్ ఆగే కొక్కెం) గుండా పోతోంది. అలాగే ఉంచొచ్చా?

వంశధార_వీల్స్:
వద్దు. ఇదే అందరూ పట్టించుకోనిది, ప్రమాదమూ ఇక్కడే. హ్యాంగర్ కదిలే భాగం మీద ఉంటే, బ్రేకు వేయగానే ఒంటి బరువు ముందుకొచ్చి హ్యాండిల్ దిగుతుంది, హ్యాంగర్ బ్రేకుకి దగ్గరవుతుంది, కేబుల్ వదులవుతుంది. గట్టిగా పట్టాల్సిన క్షణంలోనే బ్రేకు జారుతుందన్నమాట. హెడ్‌సెట్ (స్టీరర్ తిరిగే బేరింగుల సెట్టు) లాక్‌నట్టు కింద కూర్చునే 1 ఇంచి స్టీలు హ్యాంగర్ వేయండి. దాని మందం మేరకు అక్కడున్న వాషర్ తీసేయాలి, లేదంటే లాక్‌నట్టుకి థ్రెడ్ చాలదు. లీవర్ నుంచి హ్యాంగర్ దాకా ఔటర్ కేబుల్ కాస్త పొడుగ్గా వంపు తిరిగి ఉండాలి. హ్యాండిల్‌ని పూర్తిగా కిందికి నొక్కి, అలాగే పట్టుకుని బ్రేకు వేసి చూడండి.

సిరొంచ_సైకిల్:
ఇది నిజం, ఫ్లెక్స్‌స్టెమ్‌కు గూడ ఇదే లెక్క. ఇంకొకటి: ఘాట్ ఎక్కేటప్పుడు సీటు మీంచి లేచి హ్యాండిల్ గుంజితే రెండూ ఊగుతయి. స్ప్రింగు బిగించినా పూర్తిగ పోదు. కూసునే ఎక్కాలె, చిన్న గేరుల.