కొత్త ఇంటి గోడలో 10 మీటర్ల హెచ్‌డీఎంఐ కేబుల్: ఖరీదైనది వేస్తే బొమ్మ నిజంగా మెరుగవుతుందా?

ప్రశ్న: గోదావరిగట్టు

అందరికీ నమస్కారం. కాకినాడలో మేము కట్టుకుంటున్న ఇంటికి వచ్చే వారం లోపలి గోడల ప్లాస్టరింగ్ మొదలవుతుంది కనుక, ఈలోగా ఒక విషయంలో పెద్దల సలహా తీసుకోవాలని రాస్తున్నాను. హాలులో 65 అంగుళాల 4కె టీవీని గోడకు బిగించి, సెట్‌టాప్ బాక్సు, బ్లూరే ప్లేయరు, మా అబ్బాయి ఆడుకునే ప్లేస్టేషన్ 5, ఈ మూడింటినీ పక్క గోడలోని అల్మరాలో పెట్టాలని అనుకున్నాము. సౌండ్‌బార్ మాత్రం టీవీ కిందనే ఉంటుంది. గోడలో పైపు వెళ్లే దారిని టేపు పెట్టి కొలిస్తే 9 మీటర్లు వచ్చింది. రెండు చివర్లా కొంత వదులు ఉంచుకోవాలి కాబట్టి 10 మీటర్ల హెచ్‌డీఎంఐ కేబుళ్లు, అంటే బొమ్మనూ శబ్దాన్నీ కలిపి టీవీకి తీసుకెళ్లేవి, కావాలి.

దుకాణంలో మూడు రకాలు చూపించారు. మొదటిది 600 రూపాయలు, దాని పెట్టె మీద 4కె అని మాత్రమే ఉంది. రెండవది 2,800 రూపాయలు, బంగారు పూత పిన్నులు, పైన 2.1 వెర్షన్ అని అచ్చు వేసి ఉంది. మూడవది 11,000 రూపాయలు. దాని తీగలకు వెండి పూత ఉన్నందువల్ల రంగులు నిండుగా, అంచులు పదునుగా కనిపిస్తాయని దుకాణంవారు గట్టిగా చెప్పారు. ఇంటి ఖర్చుల మధ్య ఒక్కొక్క కేబుల్‌కు 11,000 అంటే ఆలోచించవలసిన మాటే, కానీ గోడలో ఒకసారి మూసేశాక మళ్లీ తవ్వలేము కదా అన్న భయం కూడా ఉంది.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. ఇప్పుడు అద్దెకుంటున్న ఇంట్లో డీటీహెచ్‌కు హెచ్‌డీ ప్యాక్ కట్టి ఏడాది దాటినా, క్రికెట్ చూసేటప్పుడు బంతి మసక మసకగానే కనిపిస్తుంది, స్కోరు అంకెల చుట్టూ అల్లుకున్నట్లు రంగు చారలు ఉంటాయి. అది నాసిరకం కేబుల్ వల్లనేమోనని నా అనుమానం. అందుకే కొత్త ఇంట్లో ఆ పొరపాటు జరగకూడదని నా తాపత్రయం.


జవాబు: సిగ్నల్‌బాట

గోదావరిగట్టు గారూ, ముందుగా మీ అద్దె ఇంటి సంగతి చూద్దాం, ఎందుకంటే మీ అనుమానానికి మూలం అక్కడే ఉంది. ఈ రోజు సాయంత్రం సెట్‌టాప్ బాక్సును వెనక్కి తిప్పి చూడండి. టీవీకి వెళ్లే తీగకు పసుపు, ఎరుపు, తెలుపు పిన్నులు ఉంటే మీరు కట్టే హెచ్‌డీ డబ్బు బాక్సు దగ్గరే ఆగిపోతున్నట్లు లెక్క. ఆ పసుపు తీగ బొమ్మ మొత్తాన్ని, అంటే వెలుగునూ రంగునూ కలగలిపి, ఒకే అనలాగ్ సంకేతంగా పంపుతుంది. మన దేశపు పద్ధతిలో అది 576 గీతలకు మించదు. అక్షరాల అంచుల్లో పాకే రంగు చారలు వెలుగును, రంగును సరిగ్గా విడదీయలేకపోవడం వల్ల వచ్చేవే. హెచ్‌డీఎంఐ తీగ ఇప్పటికే ఉందనుకోండి, అప్పుడు బాక్సు మెనూలో రిజల్యూషన్ 576 దగ్గర ఉండిపోయిందేమో చూసి 1080ఐ కు, అంటే 1080 గీతల హెచ్‌డీ బొమ్మకు, మార్చండి.

ఇక వెండి పూత మాట. పాత అనలాగ్ తీగల కాలంలో ఆ మాటలో కొంత నిజం ఉండేది, ఎందుకంటే తీగలో సంకేతం ఎంత బలహీనపడితే బొమ్మ అంత మసకబారేది. హెచ్‌డీఎంఐలో వెళ్లేవి అంకెలు. ఫోనులో ఒకరు అంకెలు చదువుతుంటే ఇవతల మీరు రాసుకుంటున్నారనుకోండి. గొంతు కాస్త గరగరలాడినా ఏడు ఏడుగానే వినిపిస్తుంది, మీ కాగితం మీద ఏడే పడుతుంది. లైను ఎంత స్వచ్ఛంగా ఉన్నా ఆ ఏడు అంతకంటే మంచి ఏడు కాలేదు. లైను మరీ పాడైనప్పుడు మాత్రం ఏడుకు బదులు మరో అంకె రాసుకుంటారు, లేదా ఏమీ వినపడదు. కేబుల్ శక్తి చాలనప్పుడు టీవీలో కనిపించేది కూడా ఇదే. చీకటి దృశ్యంలో తెల్లని చుక్కలు మిణుకుమంటాయి, స్క్రీను ఒకటి రెండు సెకన్లు నల్లబడి తిరిగి వస్తుంది, లేదా సిగ్నల్ లేదన్న మాటే మిగులుతుంది. రంగులు వెలిసిపోయినా, ముఖాలు మసకగా ఉన్నా, కారణం కేబుల్ కాదు. టీవీలోని పిక్చర్ మోడ్‌లోనో, మూలంలోనో వెతకాలి.

అయితే ఏ కేబుల్ అయినా ఒకటేనని నేను అనడం లేదు. మీరు అడగవలసిన ప్రశ్న అది సెకనుకు ఎన్ని గిగాబిట్ల సమాచారాన్ని, ఎన్ని మీటర్ల దూరం మోయగలదన్నదే. మీ ఇంటి లెక్కే తీసుకుందాం. సెట్‌టాప్ బాక్సు ఇచ్చే 1080ఐ బొమ్మకు తీగలో సుమారు 2.2 గిగాబిట్లు చాలు. 1080పి, అంటే ప్రతి ఫ్రేములో గీతలన్నీ ఒకేసారి వచ్చే రకం, 60 ఫ్రేములకు 4.5 కావాలి. బ్లూరే ప్లేయరు 4కె రకమైనా సినిమా డిస్కులు సెకనుకు 24 ఫ్రేములే కనుక సాధారణంగా 9 గిగాబిట్ల దగ్గర సరిపోతుంది. 4కె బొమ్మను 60 ఫ్రేముల వద్ద రంగుల సమాచారం తగ్గించకుండా పంపాలంటే 18 దాకా వెళ్తుంది. ప్లేస్టేషన్ 5 ఆటలను 120 ఫ్రేముల వద్ద 4కెలో పంపేటప్పుడు 32 వరకు వాడుకుంటుంది. అంటే మీ మూడు పెట్టెల్లో ఒక్క ప్లేస్టేషనే కేబుల్‌ను నిజంగా పరీక్షిస్తుంది.

కొనేటప్పుడు 1.4, 2.0, 2.1 అనే వెర్షన్ సంఖ్యను నమ్మకండి. ఆ సంఖ్యలు పరికరాల ప్రమాణానివి. కేబుళ్ల మీద వాటిని ముద్రించడానికి హెచ్‌డీఎంఐ లైసెన్సు నిబంధనలే ఒప్పుకోవు. కేబుల్‌కు ఉండవలసింది రకం పేరు. హై స్పీడ్ అంటే 10.2 గిగాబిట్లు, ప్రీమియం హై స్పీడ్ అంటే 18, అల్ట్రా హై స్పీడ్ అంటే 48. చివరి రెండింటికి పెట్టె మీద క్యూఆర్ కోడు ఉన్న ధ్రువీకరణ లేబుల్ అంటించి ఉంటుంది, హెచ్‌డీఎంఐ వారి యాప్‌తో దుకాణంలోనే స్కాన్ చేసి చూసుకోవచ్చు. స్కాన్ చేసినప్పుడు వచ్చే వివరాల్లో పొడవును కూడా తప్పక చూడండి, ఎందుకంటే 2 మీటర్ల కేబుల్ పరీక్షలో నెగ్గినంత మాత్రాన అదే కంపెనీ 10 మీటర్లది నెగ్గినట్లు కాదు. మామూలు రాగి తీగతో 48 గిగాబిట్లు 5 మీటర్లు దాటి పోవడం చాలా కష్టం. అందువల్ల మీకు చూపిన 10 మీటర్ల రాగి కేబుల్ 2,800ది అయినా 11,000ది అయినా, ప్లేస్టేషన్ విషయంలో నేను పూచీ పడలేను.

బంగారు పూతకు మాత్రం ఒక ప్రయోజనం ఉంది. అది బొమ్మను బాగుచేయదు గానీ, మీది సముద్రతీరం కనుక ఉప్పుగాలికి పిన్నులు చిలుము పట్టకుండా కాపాడుతుంది. అదృష్టవశాత్తూ తక్కువ ధర కేబుళ్లలో కూడా ఇప్పుడు ఆ పూత వస్తోంది.


జవాబు: ఎర్రమట్టి

పై వివరణతో పూర్తిగా ఏకీభవిస్తూ గోడ పని గురించి మాత్రం రాస్తాను, ఎందుకంటే నేను స్వయంగా నష్టపోయినది అక్కడే. అనంతపురంలో మా ఇంటికి 15 మీటర్ల ఆప్టికల్ హెచ్‌డీఎంఐ కేబుల్ తెప్పించాను. అది రెండు కొనల్లో చిన్న చిప్‌లతో సంకేతాన్ని కాంతిగా మార్చి గాజు పోగుల్లో పంపే రకం, సన్నగా ఉంటుంది, 48 గిగాబిట్లను కూడా అంత దూరం తేలికగా మోస్తుంది. అయితే దానికి ఒక దిక్కు ఉంటుంది. ఒక కనెక్టరు మీద సోర్స్ అని, రెండవదాని మీద డిస్‌ప్లే అని చిన్న అక్షరాలతో చెక్కి ఉంటుంది. పైపులో లాగినరోజు నేను ఇంట్లో లేను. పని చేసినవారు ఆ అక్షరాలు గమనించలేదు. రంగులు వేయడం కూడా అయిపోయి టీవీ బిగించినరోజు చూస్తే స్క్రీను మీద ఏమీ రాలేదు. అల్మరాలో టార్చి వేసి చూసినప్పుడు డిస్‌ప్లే అన్న తల నా చేతిలోనే ఉంది. తిప్పి వేద్దామంటే పైపులో రెండు చోట్ల లంబకోణపు ఎల్బోలు వేసి ఉన్నందువల్ల కనెక్టరు వెనక్కి రాలేదు, చివరికి గోడను రెండు చోట్ల కొట్టించవలసి వచ్చింది.

అందుచేత నా మొదటి మాట కేబుల్ గురించి కాదు, పైపు గురించి. హెచ్‌డీఎంఐ కనెక్టరు తల వెడల్పే దాదాపు 20 మిల్లీమీటర్లు ఉంటుంది కాబట్టి విద్యుత్తు పనివారు మామూలుగా వేసే 19, 25 మిల్లీమీటర్ల పైపులు పనికిరావు. 40 లేదా 50 మిల్లీమీటర్ల పైపు వేయించండి. మలుపుల దగ్గర ఎల్బో కాకుండా పెద్ద వంపు ఉన్న బెండు పెట్టించండి. కరెంటు తీగలకు వేరే పైపు ఉండాలి, రెండూ ఒకే పైపులో పోకూడదు. కేబుల్ లాగాక కూడా లోపల ఒక నైలాన్ తాడును వదిలిపెట్టించండి, రేపు మరో కేబుల్ కావాలంటే దానికి కట్టి లాగితే సరిపోతుంది. లాగేటప్పుడు కనెక్టరును పట్టుకొని లాగనివ్వకండి, తాడు కేబుల్ ఒంటికి కట్టి ఉండాలి. అన్నిటికంటే ముఖ్యంగా, పైపులోకి పంపే ముందే కేబుల్‌ను నేల మీద పరిచి, ఒక కొన ప్లేస్టేషన్‌కు, మరో కొన టీవీకి తగిలించి ఒక గంట నడిపి చూడండి.


జవాబు: తెరవెలుగు

నా అభిప్రాయం కొంచెం వేరు, అందుకు మన్నించాలి. మూడు పరికరాలకూ 10 మీటర్ల కేబుల్ అవసరమని ముందే ఎందుకు నిర్ణయించుకోవాలి? ప్లేస్టేషన్ 5 తో పాటు పెట్టెలోనే అల్ట్రా హై స్పీడ్ కేబుల్ వస్తుంది. ఆ ఒక్క పరికరాన్ని టీవీ కింద సౌండ్‌బార్ పక్కన పెట్టుకుంటే ఆ కేబులే సరిపోతుంది, వేడి గాలి బయటికి పోవడానికి కూడా మూసిన అల్మరా కంటే అదే మేలు. మిగిలిన రెండింటికీ 18 గిగాబిట్లు మించి పనిలేదు కాబట్టి, 10 మీటర్లకు సరసమైన ఆప్టికల్ కేబుల్ గానీ, ఆ పొడవుకే ధ్రువీకరణ ఉన్న ప్రీమియం హై స్పీడ్ కేబుల్ దొరికితే అది గానీ వేస్తే చాలు.

మరొక విషయం అందరూ మరచిపోతున్నారు. టీవీలోనే ఉన్న ఓటీటీ యాప్‌లలో సినిమా చూసినప్పుడు బొమ్మ ఏ హెచ్‌డీఎంఐ కేబుల్ గుండానూ రాదు, ఇంటర్నెట్ నుంచి నేరుగా టీవీలోకే వస్తుంది. కాబట్టి మీ ఇంట్లో ఎక్కువగా చూసేది అదే అయితే, అల్మరా పైపుతో పాటు టీవీ వెనక్కి ఒక క్యాట్ 6 నెట్‌వర్క్ తీగ లాగించడం వల్ల కలిగే లాభం వెండి పూత వల్ల ఎన్నటికీ కలగదు. ఆ యాప్‌ల శబ్దం టీవీ నుంచి సౌండ్‌బార్‌కు వెనక్కి వెళ్లాలి గనుక, టీవీని సౌండ్‌బార్‌కు కలిపే చిన్న కేబుల్‌ను రెండు వైపులా ఏఆర్‌సీ (శబ్దాన్ని వెనక్కి పంపే దారి) లేదా దాని మెరుగైన రకమైన ఈఏఆర్‌సీ అని రాసి ఉన్న పోర్టుల్లోనే పెట్టండి. ఓటీటీలో వచ్చే డాల్బీ అట్మాస్ అనే చుట్టూ వినిపించే శబ్దానికి ఏఆర్‌సీ సరిపోతుంది. బ్లూరే డిస్కులోని ట్రూహెచ్‌డీ అనే నాణ్యత తగ్గించని శబ్దం టీవీ గుండా సౌండ్‌బార్‌కు చేరాలంటే మాత్రం ఈఏఆర్‌సీ కావాలి.


ప్రశ్న అడిగినవారు: గోదావరిగట్టు

మీ ముగ్గురికీ హృదయపూర్వక ధన్యవాదాలు. సిగ్నల్‌బాట గారు చెప్పినట్లే నిన్న రాత్రి బాక్సు తిప్పి చూశాను, ఉన్నది పసుపు, ఎరుపు, తెలుపు తీగే. హెచ్‌డీఎంఐ రంధ్రానికి కంపెనీవారు పెట్టిన నల్లని రబ్బరు మూత కూడా తీయకుండా అలాగే ఉంది. పక్కింటివారి దగ్గర ఒక మామూలు 1.5 మీటర్ల హెచ్‌డీఎంఐ కేబుల్ అడిగి తెచ్చి తగిలించాను, ఆ తరువాత మెనూలో 1080ఐ పెట్టాను. స్కోరు పట్టీలోని చిన్న అక్షరాలు మా అమ్మగారు సోఫాలోనుంచే చదివారు. ఏడాది పాటు ప్యాక్ డబ్బు కట్టి ఇది గమనించనందుకు బాధగా ఉంది.

తెరవెలుగు గారి సలహా మేరకు ప్లేస్టేషన్‌ను టీవీ కిందికి మార్చాలని నిర్ణయించాము, 50 మిల్లీమీటర్ల పైపు, క్యాట్ 6 తీగ ఈ రోజే మేస్త్రీకి చెప్పాను. ఒక్క సందేహం మిగిలింది. కొత్త టీవీ షోరూములో చూసినప్పుడు నాలుగు హెచ్‌డీఎంఐ పోర్టులు కనిపించాయి. ఏ పరికరాన్ని ఎందులో పెట్టినా ఫరవాలేదా?


జవాబు: సిగ్నల్‌బాట

ఫరవాలేదని అనుకోవద్దండీ. చాలా టీవీలలో నాలుగు పోర్టులూ సమానం కావు, 4కె 120 ఫ్రేములు తీసుకునేవి ఒకటో రెండో ఉంటాయి, పోర్టు పక్కనే 120 హెర్ట్జ్ అని చిన్నగా ముద్రించి ఉంటుంది. ప్లేస్టేషన్‌ను అందులో పెట్టండి. కొన్ని టీవీలలో ఈఏఆర్‌సీ పోర్టు కూడా ఆ రెండింట్లోనే ఒకటి అవుతుంది, అప్పుడు దాన్ని సౌండ్‌బార్‌కు వదిలి రెండవది ప్లేస్టేషన్‌కు ఇవ్వాలి. సెట్‌టాప్ బాక్సుకు ఏ పోర్టయినా చాలు.

తగిలించిన తరువాత టీవీ సెట్టింగుల్లో ప్రతి పోర్టుకూ విడిగా ఉండే సిగ్నల్ ఫార్మాట్ అన్న అమరికను తెరవండి. కంపెనీని బట్టి దాని పేరు మారుతుంది, కానీ చాలా టీవీలు పాత పరికరాలకు అనుకూలంగా ఉండాలని దాన్ని స్టాండర్డ్ దగ్గరే ఉంచి పంపుతాయి. ప్లేస్టేషన్, 4కె బ్లూరే ఉన్న పోర్టులకు దాన్ని ఎన్‌హాన్స్‌డ్ అన్న స్థాయికి మారిస్తేనే హెచ్‌డీఆర్, అంటే వెలుగు చీకట్ల తేడాలను మరింత విస్తారంగా చూపే పద్ధతి, పూర్తిగా తెరుచుకుంటుంది. మార్చిన వెంటనే అల్మరా నుంచి వచ్చే కేబుల్‌లో చుక్కలు గానీ, నల్లబడటం గానీ కనిపిస్తే ఆ కేబుల్ ఆ వేగాన్ని మోయలేకపోతోందని అర్థం. బిల్లు, పెట్టె పారవేయకుండా ఉంచుకొని, ప్లాస్టరింగ్ మొదలయ్యేలోపే ఈ పరీక్ష ముగించండి.